పాలికలలోని పైరు

ఇంటి కప్పు క్రింద పాలికలనెడి మట్టిపాత్రలలో విత్తనములు మొలిపించు విద్య తెలుగునాట పెండ్లి పందిరిని, దేవాలయ యాగశాలను ఆశ్రయించి నేటివరకు బ్రదికి వచ్చినది. అంకురార్పణమను ఆ కర్మను మంగళాచారముగా మాత్రమే చూచుటకు మనము అలవాటుపడితిమి గాని, దాని విధులను ఒక్కొక్కటిగా పరిశీలించినచో, విత్తనపు సత్తువ నెరిగిన కర్షకుని అనుభవము వానియందు నిక్షిప్తమైయున్నదని నాకు తోచును.

మొదటిది మన్ను. పెండ్లికి ముందు ముత్తైదువలు మేళతాళములతో పోయి పుట్టమన్ను తెత్తురు. చెదలు నేల లోతులనుండి సన్నని రేణువులను ఏరి పైకి తెచ్చి కట్టిన మన్ను అది. బంకపాలు హెచ్చుగా గలది, తేమను త్వరగా విడువనిది. చిన్న మూకుడులో లేతవేరు ఎండిపోకుండ కాచుటకు తగినది. తిరుమలలో తొమ్మిది దినముల బ్రహ్మోత్సవమునకు ముందటి సాయంకాలము, సేనాధిపతియగు విష్వక్సేనుడు ఊరేగింపుగా వేంచేయగా మృత్సంగ్రహణము జరిపి, ఆ మట్టిని పాలికలలో నింపి నవధాన్యములు విత్తుదురు. ఓషధులకు అధిపతి చంద్రుడు గావున విత్తుటకు రాత్రియే ప్రశస్తమని సంప్రదాయము. నానిన గింజకు ఎండ తగులకమునుపే నీరు త్రాగ వ్యవధి దొరకుటయు అందులోని లాభమే.

వివాహములో పాలికలు అయిదు: నడుమ బ్రహ్మకు, తూర్పున ఇంద్రునకు, దక్షిణమున యమునకు, పడమట వరుణునకు, ఉత్తరమున సోమునకు. వడ్లు, గోధుమలు, కందులు, పెసలు, మినుములు, శనగలు, అలసందలు, నువ్వులు, ఉలవలు అందులో చల్లి, ముత్తైదువలు పాలు కలిపిన నీటితో తడుపుదురు. ఈ పాల ప్రస్తావన పురోహితుల కల్పన మాత్రమే కాదు, క్రీ.శ. 6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేద ప్రకరణమున, విత్తనములను పది దినములు పాలలో భావన చేయవలెనని విధించియున్నాడు.

నన్ను మిక్కిలి ఆకర్షించినది మొలకల పరీక్ష. ఉత్సవమునకు తొమ్మిది, ఏడు, అయిదు లేక మూడు దినముల ముందు విత్తవలెనని చెప్పిన ఆగమములు, అంకురములు తెల్లగనో పసుపుపచ్చగనో ఉండి నిటారుగ లేచినచో శుభమనియు, నల్లబారినను వంకరపోయినను అశుభమనియు చెప్పుచున్నవి. పొలములో పసుపుబారిన పైరును చూచి ఏ రైతును సంతసింపడు. మరి ఇచట ఆ వర్ణము శుభమెట్లయ్యెను? వెలుతురు సోకని చోట మొలకకు పత్రహరితము ఏర్పడదు. అది గింజలో దాచిన ఆహారముతోనే, వెలుగును వెదకుచు, పాలిపోయి పొడవుగా సాగును. కనుక ఆ శుభలక్షణము గృహాంతరమున పెరిగిన బలమైన మొలకకు ఉండవలసిన సహజలక్షణమే. నల్లబారుట కుళ్ళునకు గుర్తు. ఏ మూకుడును చూచి ఏమి యనుకొనవలెనో అనేక తరములు కనిపెట్టిన పిమ్మటగాని ఇట్టి నియమము పుట్టదు.

ప్రాచీన ఏథెన్సు నగర స్త్రీలును అడోనిస్ పండుగకు మట్టిపెంకులలో లెట్యూసు ఆకుకూర, సోపు మొదలగువానిని విత్తి మేడలపై నుంచెడివారు. బుద్ధిగల రైతు తన మంచి విత్తనమును అట్టి తోటలో చల్లడని ప్లేటో ఫీడ్రసు సంవాదములో అనిపించెను. మన పాలికల పైరును పంటకు రాదు, కర్మాంతమున నీట కలియును. కాని ఇంటి గాదెలోని గింజయే పాలికలో పడినచో, ఆ పిడికెడు మొలక గాదెలోని తక్కిన విత్తనమునకు సాక్ష్యము చెప్పును. నేడు అంగడి పొట్లములోని నవధాన్యములు ఏయేటివో ఎవరికిని తెలియదు. అవి మొలవకున్నను అడుగువారు లేరు. ఇది నాకు వ్యసనకరముగా నున్నది.

తెలంగాణములోని లంబాడీ తండాలలో మాత్రము ఈ పరీక్ష ఇంకను కన్నెపిల్లల చేతిలో నున్నది. శ్రావణమాసపు తీజ్ పండుగకు వారు బుట్టలలో మన్ను నింపి గోధుమలు చల్లి, తొమ్మిది దినములు పాటలు పాడుచు నీరు పోయుదురు. నారు ఏపుగా ఎదిగినచో మంచి వరుడు లభించునని నమ్మి, కడపటి దినమున దానిని చెరువులో కలిపి వత్తురు.