పైరవీకి మస్టరు లేదు

ఉపాధి పని మస్టరు మన ఊళ్ళో సభ పెట్టి చదువుతారు. ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఈ సామాజిక తనిఖీ ఉంది. కూలి డబ్బుకి పదిమందిలో లెక్క అడుగుతున్నాం. అడగాల్సిందే. మరి చట్టాల్ని మలిపే డబ్బుకి లెక్కేదీ?

అమెరికా చమురు కంపెనీల చరిత్ర చూద్దాం. చమురూ బొగ్గూ మండిస్తే భూమి వేడెక్కుతుందని 1977లోనే ఎక్సాన్ పెద్దలకు వాళ్ళ శాస్త్రవేత్త జేమ్స్ బ్లాక్ చెప్పాడు. 1989లో చమురు, బొగ్గు, కార్ల కంపెనీలు ‘గ్లోబల్ క్లైమేట్ కోయలిషన్’ అనే సంఘం పెట్టుకున్నాయి. సైన్సు ఇంకా తేలలేదని ఆ సంఘం బయట ప్రచారం చేసింది. గ్రీన్‌హౌస్ ప్రభావాన్ని కాదనలేమని దాని సలహాదారులే 1995లో లోపల రాసిచ్చారు. ఆ కాగితం పత్రికకెక్కింది 2009లో. ఈలోగా 2001లో బుష్ ప్రభుత్వం క్యోటో ఒప్పందాన్ని తోసిపుచ్చింది. అందులో ఈ సంఘం మాటకీ పాలుందని ప్రభుత్వ కాగితాలే చెబుతున్నాయి. 2002లో, వచ్చిన పని అయిందని సంఘాన్ని మూసేశారు.

ఈ పద్ధతి మనకి కొత్త కాదు. దొర తను రాడు, ఇంకొకడితో చెప్పిస్తాడు. కంపెనీ నోరు మెదపదు, సంఘం మాట్లాడుతుంది. అమెరికాలో 1995 చట్టం ప్రకారం పైరవీకారులు పేరూ డబ్బూ నమోదు చెయ్యాలి. ఏ బిల్లు మీద పైరవీ చేశారో రాయాలి. ఆ బిల్లు కావాలన్నారో వద్దన్నారో మాత్రం రాయనక్కర్లేదు! మన దేశంలో ఆ నమోదు చట్టం కూడా లేదు. 2022-23 నుంచి వెయ్యి పెద్ద కంపెనీలు సెబీకి ఇచ్చే నివేదికలో తాము ఏ వ్యాపార సంఘాల్లో ఉన్నదీ చెప్పాలి. ఏ ప్రభుత్వ విధానం కోసం వాదించారన్నది చెప్పడం మాత్రం వాళ్ళ ఇష్టం.

ఎక్సాన్ పాత కాగితాలు 2015లో బయటికొచ్చాయి. ఆ ఏడు మే నెలలోనే రెండు తెలుగు రాష్ట్రాల్లో వడగాలికి వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఆ చావులన్నీ ఒక్క కంపెనీ ఖాతాలో రాయలేం. కానీ ఎండలో మట్టి తవ్వేదెవరు, ఇటుక బట్టీల్లో మాడేదెవరు? ముందే తెలిసినోళ్ళు దాచారు. తెలియనోళ్ళు ఎండకి నిలబడ్డారు.

కాబట్టి వాతావరణం మన సమస్య కాదనుకోవద్దు. ఎవరు, ఎవరి పేరు మీద, ఎంత పెట్టి, ఏ చట్టం ఆపారు? మస్టరు అడిగి సాధించుకున్నాం. పైరవీ మస్టరు కూడా సభలో చదవాలని అడగాల్సింది మనమే.