సామర్లకోట తోట, విశాఖ చేపలు

సామర్లకోట తోట 18వ శతాబ్దం చివర ఈస్టిండియా కంపెనీ కోస్తా తీరంలో నడిపిన వృక్షశాస్త్ర తోట. నేటి కాకినాడ జిల్లా సామర్లకోటలో, సముద్రానికి పదిహేను కిలోమీటర్ల లోపే, 1781 తర్వాత డాక్టర్ విలియం రాక్స్‌బరో దీన్ని పెంచాడు. ఆ దశాబ్దంలోనే అదే తీరం మీద, విశాఖపట్నంలో, డాక్టర్ పాట్రిక్ రస్సెల్ చేపలు సేకరించి బొమ్మలు వేయించాడు. ఇప్పటి కొన్ని సముద్రతీర నగరాల్లో ఒక ప్రహరీ లోపల వృక్షోద్యానం, పక్కనే చేపల ప్రదర్శనశాల చూసి రావచ్చు. తెలుగు తీరంలో ఆ రోజుల్లోనే అలాంటి జంట ఒకటి కనిపించింది. కాకపోతే రెంటికీ మధ్య సుమారు 150 కిలోమీటర్ల దూరం ఉండేది, చేపలేమో గాజు తొట్టెల్లో కాక కాగితాల మీద ఉండేవి.

ఇవాళ సామర్లకోటలో దిగేవాళ్లలో సికింద్రాబాద్‌వాళ్లూ ఉంటారు. సికింద్రాబాద్‌కు సముద్రం లేదు, హుస్సేన్ సాగర్ ఉంది. సముద్రం చూడాలనుకునే జంటనగరాలవాళ్లు రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి సామర్లకోటలో దిగుతారు. దిగినవాళ్లలో చాలామంది పంచారామాల్లో ఒకటైన కుమారారామం భీమేశ్వరాలయానికి వెళ్తారు, తక్కినవాళ్లు కాకినాడకో అన్నవరానికో బండి మారతారు. తోట సంగతి తెలిసి దిగేవాళ్లు తక్కువ.

వైద్యులే ఎందుకు?

ఆ రోజుల్లో మందంటే చెట్టే. వైద్యవిద్యలో వృక్షశాస్త్రం తప్పనిసరి పాఠం. అందుకే కంపెనీ పటాలంతో వచ్చిన సర్జన్లు తీరిక దొరికితే చాలు ఆకులు ఏరేవారు. (సైనిక వైద్యులు ప్రకృతిని పరిశోధించే అలవాటు చాలాకాలం నిలిచింది. నూరేళ్ల తర్వాత, 1897లో, సికింద్రాబాద్ బేగంపేటలో దోమ కడుపు కోసి మలేరియా క్రిమిని చూసిన రోనాల్డ్ రాస్ కూడా సైనిక వైద్యుడే.)

ఈ తీరంలో దారి వేసినవాడు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్. వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ శిష్యుడు. 1768లో తరంగంబాడిలోని డేన్ల స్థావరానికి వైద్యుడిగా వచ్చి, ఆర్కాటు నవాబు కొలువు చేసి, 1778లో కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్త అయ్యాడు. 1785లో కాకినాడ జగన్నాథపురంలో చనిపోయాడు. చివరి రోజుల్లో వైద్యం చేసింది రాక్స్‌బరోయే. కోనిగ్ పదవి రస్సెల్‌కు, రస్సెల్ వెళ్లాక రాక్స్‌బరోకు దక్కింది. ముగ్గురి చరిత్రా ఆ రకంగా ఒక్కటే.

తోట

రాక్స్‌బరో స్కాట్లండువాడు, 1751లో పుట్టాడు. 1776లో మద్రాసు వైద్యశాఖలో చేరి, 1781లో సామర్లకోట దండుకు సర్జన్‌గా వచ్చాడు. కంపెనీకి కావలసింది పూలమొక్కలు కాదు, మిరియాలు. మలబారు మీదా, డచ్చివాళ్ల మీదా ఆధారపడకుండా సొంత చేలో మిరియం పండితే లాభం ఎంతో లెక్క వేసుకుంది. రాజమహేంద్రవరం సీమ కొండల్లో రాక్స్‌బరోకు అడవి మిరియం కనిపించింది. అక్కడివాళ్లు దాన్ని మిరియాల తీగ అన్నారు. ఆయన ఆ పేరును రాసుకుని, శాస్త్రంలో పైపర్ ట్రయోయికమ్ అని నామకరణం చేశాడు. సామర్లకోటలో మిరియం తోట వేశాడు. కాఫీ, దాల్చిన, జాజికాయ, పనస ప్రజాతికే చెందిన బ్రెడ్‌ఫ్రూట్, పట్టుపురుగుల కోసం మల్బరీ, రంగు కోసం జాఫ్రా కూడా నాటి చూశాడు. మిరియం మాత్రం కంపెనీ ఆశించినంత ఎన్నడూ ఇవ్వలేదు. లాభం లెక్కన చూస్తే ఈ తోట విఫల ప్రయత్నం. శాస్త్రం లెక్క వేరు.

1787లో తుపాను వచ్చింది. కాకినాడ దగ్గరి కోరింగ తీరం మీద సముద్రం విరుచుకుపడి వేలమంది కొట్టుకుపోయారు. రాక్స్‌బరో ప్రాణాలతో బయటపడ్డాడుగానీ, అప్పటిదాకా ఎండబెట్టి దాచిన మొక్కలు, పుస్తకాలు, రాతప్రతులు అన్నీ నీటిపాలయ్యాయి. రెండేళ్లకే, 1789 డిసెంబరులో, కోరింగను మరో ఉప్పెన ముంచింది. ‘సైక్లోన్’ అన్న మాటను తయారుచేసిన హెన్రీ పిడింగ్టన్ దాన్ని వివరించేటప్పుడు ఈ కోరింగ తుపానునే ప్రస్తావించాడు. 1787 నష్టం తర్వాత రాక్స్‌బరో మళ్లీ మొదటినుంచి ఏరడం మొదలుపెట్టాడు. ఇప్పుడు మనకు మిగిలినదాంట్లో చాలావరకు ఆ రెండో విడత పనే.

తోటలో పెరిగినవాటికన్నా తోట చుట్టూ పల్లెల్లో ఆయన చూసి రాసినవి విలువైనవి. రెండు ఉదాహరణలు చాలు. ఒకటి చిరివేరు. సముద్రపుటొడ్డు ఇసుకనేలల్లో ఏ నీడా లేకుండా పెరిగే ఈ చిన్న మొక్క వేరుపెచ్చులో ఎరుపు రంగు ఉంటుంది. కరక్కాయ నీళ్లలో తడిపి, పటిక పట్టించిన గుడ్డను ఆ వేళ్లతో కాచితే రంగు నూలులోకి దిగి ఎన్ని ఉతుకులకైనా నిలుస్తుంది. మచిలీపట్నం అద్దకాల ఎరుపు వచ్చింది దీన్నుంచే. సాగు చేసిన వేరుకన్నా అడవి వేరే మేలని అద్దకంవాళ్లు చెప్పేవారు. రాక్స్‌బరో వాళ్ల పద్ధతిని మెట్టు మెట్టుగా రాశాడు.

రెండోది చిల్లగింజ, ఇండుపగింజ అని కూడా అంటారు. వానాకాలపు బురదనీటిని తేర్చడానికి మట్టికుండ లోపలి గోడకు ఈ గింజను ఒకటి రెండు నిమిషాలు గట్టిగా రుద్ది, తర్వాత నీళ్లు పోసి కదపకుండా ఉంచుతారు. మన్ను అడుక్కి దిగి పైన తేటనీరు నిలుస్తుంది. కంపెనీ సిపాయిలు ప్రయాణాల్లో ఈ గింజలు వెంట పెట్టుకునేవారు. మన ఇళ్లలో ఫిల్టర్లు వచ్చాక ఈ గింజ మాటే మరచిపోయాం.

ఇవికాక ఆయన సామర్లకోటలో ఏళ్ల తరబడి రోజూ వాతావరణ వివరాలు నమోదు చేశాడు. 1790ల మొదట్లో వానలు తప్పి ఉత్తర సర్కారులను కరువు పట్టినప్పుడు, గట్ల మీద కొబ్బరి, పనస లాంటి చెట్లు పెంచితే కరువు రోజుల్లో జనం బతుకుతారని పైవాళ్లకు రాశాడు. కంపెనీ మిరియాలు అడిగితే ఆయన తిండిచెట్ల గురించి రాయడం ఆయన గుణం చెబుతుంది. అలాగని ఆయన్ని దేవుణ్ని చేయనక్కరలేదు. ఆయనా ఆ కంపెనీ ఉద్యోగే, లాభం కోసమే పంపిన మనిషి.

చేపల పుస్తకం

పాట్రిక్ రస్సెల్ అంతకుముందు సిరియాలోని అలెప్పోలో ప్లేగు రోగులకు వైద్యం చేసిన మనిషి. 1781లో, యాభై దాటిన వయసులో, కంపెనీ అధికారి అయిన తమ్ముడు క్లాడ్ వెంట విశాఖపట్నం వచ్చాడు. పాములకు కోళ్లను, కుక్కలను కాటు వేయించి ఏ పాముకు ఎంత విషమో పరీక్షించాడు. ఆయన పాముల పుస్తకం 1796లో లండన్‌లో అచ్చయింది.

అందులో రక్తపింజరిని కాటుక రేకుల పొడ అన్నాడు. ఒంటిమీది నల్లని అంచు మచ్చలను చూసి ఇక్కడివాళ్లు పెట్టిన పేరది, చూసినవాడే పెట్టగల పేరు. తర్వాత ప్రపంచం ఆ పాముకు రస్సెల్ పేరే తగిలించింది, అసలు పేరు పోయింది. పసుపు, నలుపు పట్టీల పాముకు మాత్రం అదృష్టం బాగుంది. ఆయన విన్న ‘బంగారు పాము’ నుంచే 1803లో ఫ్రెంచివాడు దోదాన్ కట్లపాముల ప్రజాతికి బంగారస్ అని పేరుపెట్టాడు.

చేపల పుస్తకం రెండు సంపుటాలుగా 1803లో వచ్చింది. విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల వర్ణనలు, బొమ్మలు. బొమ్మలు గీసింది స్థానిక చిత్రకారుడు. ప్రతి చేపకూ పల్లెవాళ్లు చెప్పిన పేరును రస్సెల్ తన చెవికి వినిపించినట్టు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టాడు. ఆ అక్షరాల వెనక మన మాటలు సులువుగానే దొరుకుతాయి: వంజరం, కోనాం, మాగ, పార, సొర, టెంకి. సికింద్రాబాద్ చేపల బజారులో ఇవాళ కిలోల లెక్కన అడిగే వంజరం ఆ పుస్తకంలో బొమ్మతో సహా ఉంది.

వీటిలో ఒక్క పేరు దగ్గర ఆగాలి. ఒళ్లు చల్లగా, గుండ్రంగా ఉండి, ముట్టుకుంటే చేతిని జివ్వుమనిపించే విద్యుత్ చేప ఒకటుంది. ముట్టుకున్న చెయ్యి మొద్దుబారుతుంది కాబట్టి పల్లెవాళ్లు దాన్ని తిమ్మిరి అన్నారు. రస్సెల్ అదే రాశాడు. 1831లో బ్రిటిష్ మ్యూజియం శాస్త్రజ్ఞుడు జాన్ ఎడ్వర్డ్ గ్రే దాని నుంచి టెమెరా అనే ప్రజాతి పేరు చేశాడు. లాటిన్ లాగా వినిపించే ఆ మాట చేతికెక్కిన తెలుగు తిమ్మిరే. పారిస్‌లో కూర్చుని చేపలకు పేర్లు పెట్టిన క్యువియే కూడా ఎన్నో చేపలకు రస్సెల్ బొమ్మలనే ఆధారం చేసుకున్నాడు.

కోరమండల్ తీరపు మొక్కలు

తీరపు మొక్కల మీద బొమ్మల పుస్తకం తేవాలన్న ఆలోచన రస్సెల్‌ది, పని రాక్స్‌బరోది. రాక్స్‌బరో జీతమిచ్చి చిత్రకారులను పెట్టుకుని మొక్కలను పచ్చిగా ఉండగానే గీయించి, వందల బొమ్మలు లండన్ పంపాడు. ఇంగ్లీషు ప్రకృతి శాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్ ఎంపిక చేసిన 300 పలకలతో ‘ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమండల్’ 1795లో మొదలై, మూడు సంపుటాలుగా పాతికేళ్లు సాగింది. పీఠిక రాసింది రస్సెల్. ఇందులోనూ తెలుగు పేర్లు ఉన్నాయి. రాక్స్‌బరో జ్వరానికి సింకోనా బదులుగా సూచించిన సోమిద చెట్టు తర్వాత సోయ్‌మిడా అనే ప్రజాతి అయింది.

చెట్టు పేరు, చేప పేరు, పాము పేరు అన్నీ మిగిలాయి. ఆ బొమ్మలు గీసిన వేళ్లెవరివో మాత్రం పుస్తకాల్లో లేదు. కొద్ది ఏళ్లలోనే ఇదే నేలలో సర్వేయర్ కాలిన్ మెకంజీ దగ్గర పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య పేర్లు చరిత్రకెక్కాయి. సామర్లకోట చిత్రకారులకు ఆ పాటి న్యాయం కూడా జరగలేదు. శాస్త్రం చేసిన అప్పుల్లో ఇదొకటి.

తర్వాత

1793లో రాక్స్‌బరో హుగ్లీ ఒడ్డున రాబర్ట్ కిడ్ స్థాపించిన కలకత్తా తోటకు అధికారిగా వెళ్లాడు. అక్కడ కూడిన ఆయన బొమ్మలు రెండున్నర వేలు దాటాయి. సామర్లకోట తోట జర్మన్ వైద్యుడు బెంజమిన్ హైనే చేతికి వచ్చింది. టిప్పు సుల్తాన్ పతనం తర్వాత హైనే మైసూరు సర్వేకూ, బెంగళూరు లాల్‌బాగ్‌కూ మారాడు. 1814లో అచ్చయిన ఆయన వ్యాసాల సంపుటిలో వజ్రపు గనుల కబుర్లతో పాటు హైదరాబాదు ప్రయాణం కథ కూడా ఉంది. సామర్లకోట తోట క్రమంగా అంతరించింది.

బతికున్న చేపలను గాజు వెనక చూపడం ఈ ప్రాంతంలో తర్వాతి ముచ్చట. తెలుగు జిల్లాలు కూడా భాగమైన మద్రాసు ప్రెసిడెన్సీ రాజధానిలో, మెరీనా ఒడ్డున, 1909లో అక్వేరియం తెరిచారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో జపాన్ దాడి భయంతో అది మూతపడింది. ఇప్పుడు విశాఖ రామకృష్ణా బీచి రోడ్డులో మత్స్యదర్శిని ఉంది. కోరింగ మడ అడవి 1978 నుంచి అభయారణ్యం, చెక్క వంతెన మీద నడుస్తూ ఆ చెట్లను దగ్గరగా చూడవచ్చు. రాక్స్‌బరో తోటను చూడాలంటే దారి కోరమండల్ మొక్కల పుస్తకమే. అదీ, రస్సెల్ చేపల పుస్తకమూ బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీలో ఉచితంగా దొరుకుతాయి. ఈసారి విశాఖ వెళ్తే రస్సెల్ పుస్తకాన్ని ఫోన్లోకి దించుకుని, తెల్లవారుజామున చేపల రేవుకు వెళ్లి, బొమ్మల కింది పేర్లను అక్కడ చేపలమ్మే ఆడవాళ్లకు చదివి వినిపించండి. తప్పు పలికితే వాళ్లే దిద్దుతారు.