హారిజాంటల్ డిఫ్లెక్షన్ వలయం

హారిజాంటల్ డిఫ్లెక్షన్ వలయం అనగా పిక్చర్ ట్యూబు గల టెలివిజన్‌లో ఎలక్ట్రాన్ పుంజాన్ని తెరపై ఎడమ నుండి కుడికి నడిపించే విద్యుత్ వలయం. తెర ఆకారం వలన బొమ్మలో ఏర్పడే వికృతులను సరిదిద్దడం కూడా దీని పనే.

పనిచేయు విధానం

ట్యూబు మెడ వద్ద అమర్చిన తీగచుట్టలను డిఫ్లెక్షన్ యోక్ అంటారు. వీటిలోని విద్యుత్ ప్రవాహం వలన కలిగే అయస్కాంత క్షేత్రం పుంజాన్ని వంచుతుంది. తెర మధ్యలో ప్రవాహం శూన్యం. ఎడమ, కుడి అంచుల వద్ద వ్యతిరేక దిశలలో గరిష్ఠం. 1982లో వర్ణ ప్రసారాలు ప్రారంభించిన దూరదర్శన్ అనుసరించిన పాల్ పద్ధతిలో సెకనుకు 25 చిత్రాలు, చిత్రానికి 625 గీతలు. కనుక సెకనుకు 15,625 గీతలు గీయాలి. ఒక్కొక్క గీతకు లభించే 64 మైక్రోసెకన్లలో సుమారు 52 బొమ్మకు, మిగిలిన 12 పుంజం వెనుకకు మరలడానికి సరిపోతాయి.

వికృతికి కారణం

పుంజం వంగే స్థానం నుండి తెరపై అన్ని బిందువులు సమాన దూరంలో ఉండవు. పూర్తిగా చదునైన తెరను తీసుకుంటే, పుంజం మధ్య నుండి 10 డిగ్రీలు వంగినపుడు నడిచే దూరం కంటే, 30 నుండి 40 డిగ్రీలకు వంగినపుడు నడిచే దూరం సుమారు ఒకటిన్నర రెట్లు. అందువలన రంపపు పంటి వలె ఒకే రేటున పెరిగే ప్రవాహాన్ని ఇస్తే బొమ్మ అంచులలో సాగిపోతుంది. బొమ్మ సరిగా రావాలంటే ప్రవాహం ఆకారాన్నే తగినట్లు మార్చాలి.

సవరణలు

* ఎస్ సవరణ: యోక్‌తో శ్రేణిలో ఒక కెపాసిటరును కలుపుతారు. ఈ రెండింటి అనునాదం వలన ప్రవాహం మధ్యలో వేగంగా, రెండు అంచులలో నెమ్మదిగా మారుతుంది. దీని రేఖాచిత్రం ఆంగ్ల అక్షరం ఎస్‌ను పోలి ఉండుట వలన ఈ పేరు వచ్చింది.
* లీనియారిటీ కాయిల్: యోక్ తీగకు గల నిరోధం వలన బొమ్మ ఎడమవైపు సాగి, కుడివైపు కుదించుకుపోతుంది. శాశ్వత అయస్కాంతం అమర్చిన చిన్న తీగచుట్ట దీనిని సరిచేస్తుంది. ప్రవాహం కుడి అంచుకు చేరేకొద్దీ దీని ప్రేరకత్వం తగ్గుతుంది.
* ఈస్ట్-వెస్ట్ సవరణ: తెర మూలలు అన్నిటికంటే దూరం కనుక బొమ్మ నాలుగు మూలలు సాగి, పక్కలు లోపలికి వంగుతాయి. గుండుసూదులు గుచ్చే దిండును పోలిన ఈ రూపాన్ని పిన్‌కుషన్ వికృతి అంటారు. పై, కింది గీతలకు ప్రవాహాన్ని తగ్గించి, మధ్య గీతలకు పెంచితే పక్కలు నిటారుగా వస్తాయి. ఈ మార్పు పరావలయ ఆకారంలో సెకనుకు 50 సార్లు జరుగుతుంది. 110 డిగ్రీల వర్ణ ట్యూబులలో ఇందుకు డయోడ్ మాడ్యులేటర్‌ను విరివిగా వాడారు. ఇది ట్యూబుకు అందే అధిక వోల్టేజిని మార్చకుండానే బొమ్మ వెడల్పును మార్చగలదు.

లోపాలు, జాగ్రత్తలు

బొమ్మ ఆకారాన్ని బట్టి లోపాన్ని ఊహించవచ్చు. పక్కలు లోపలికి వంగితే ఈస్ట్-వెస్ట్ భాగాన్ని, ఒక పక్క మాత్రమే కుదించుకుపోతే లీనియారిటీ కాయిల్‌ను ముందుగా పరీక్షిస్తారు. ఇదే వలయంలోని ఫ్లైబ్యాక్ ట్రాన్స్‌ఫార్మర్ వర్ణ ట్యూబుకు సుమారు 25,000 వోల్టులు అందిస్తుంది. టీవీని ఆపివేసిన తరువాత కూడా ట్యూబులో ఆవేశం నిలిచి ఉండవచ్చు. కనుక దానిని తొలగించకుండా లోపలి భాగాలను తాకడం ప్రమాదకరం.

ఎల్.సి.డి. వంటి తెరలలో ప్రతి బిందువుకు స్థానం ముందే స్థిరపడి ఉంటుంది కనుక ఈ సవరణల అవసరం లేదు.