తాళంచెవి ఎవరి దగ్గరుంది?

మా అమ్మాయికి పద్దెనిమిది నిండాయో లేదో కారు నేర్చుకోవాలనే సరదా పట్టుకుంది. ఎల్ బోర్డు తగిలించుకుని మొదటిరోజు ఊరేగి వచ్చి, వాళ్ళమ్మమ్మ పక్కన చతికిలబడి, "అమ్మమ్మా! నువ్వెప్పుడు నేర్చుకున్నావే కారు?" అనడిగింది. వత్తులు చేసుకుంటున్న మా అమ్మ తలెత్తకుండానే, "మీ తాతయ్యకి గుండెనొప్పి వచ్చాక" అంది.

పిల్ల తెల్లబోయి నావంక చూసింది. అడిగిందానికీ చెప్పినదానికీ పొంతన లేదనుకుంది పాపం. కానీ అది సరైన జవాబే. కాకపోతే అర్థం కావాలంటే, మన మధ్యతరగతి ఇళ్ళకి కారు ఎలా వచ్చిందో కాస్త వెనక్కి వెళ్ళి చెప్పుకోవాలి. ఈ కథ మగవాళ్ళు చాలాసార్లు చెప్పారు. ఇంజను సంగతీ, మైలేజీ సంగతీ వాళ్ళకి కంఠతా వచ్చు. వెనకసీట్లో పిల్లల్నీ, పులిహోర డబ్బానీ ఒళ్ళో పెట్టుకు కూర్చున్నవాళ్ళు చెప్తే ఎలా ఉంటుందో చూడండి.

ఇప్పుడైతే కారు కొనాలంటే రంగు ఎంచుకోవడం దగ్గరే తగువు. ఒకప్పుడు రంగు మాట దేవుడెరుగు, అసలు కారు దొరకడమే గగనం. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో విదేశాలనుంచి విడిభాగాలు తెప్పించి ఇక్కడ బిగించి అమ్మే కంపెనీలుండేవి. ఇక్కడ తయారుచేసే ఉద్దేశం లేనివాళ్ళు మనకక్కర్లేదని 1953లో టారిఫ్ కమిషన్ సలహా ఇచ్చింది. దాంతో అమెరికా కంపెనీలు సర్దుకుని వెళ్ళిపోయాయి. మిగిలినవాటిలో ఇళ్ళకి పనికొచ్చేవి చివరికి మూడంటే మూడు. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వారి అంబాసిడర్, బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారి ఫియట్, మద్రాసులో స్టాండర్డ్ వారి హెరాల్డ్. అంబాసిడర్ 1957లో వచ్చింది. అది ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే పేరుతో పుట్టి, ఇక్కడికొచ్చి పేరు మార్చుకున్న పిల్ల. అత్తారింటికొచ్చాక పేరు మారడం మనకి కొత్తా ఏమిటి! ఫియట్టుకి కూడా ఆ ముచ్చట తప్పలేదు. 1974లో అది ప్రీమియర్ పద్మిని అయింది.

ఏ కంపెనీ ఏడాదికెన్ని కార్లు చెయ్యాలో చెప్పేది ప్రభుత్వం. పంపిణీకి 1959లో ఒక కంట్రోలు ఆర్డరు, ధరలకి 1969లో మరో కట్టుబాటు. కావలసినవాళ్ళు ఎక్కువ, తయారయ్యేవి తక్కువ. డబ్బు కట్టి, పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి కూర్చోవాలి. పెళ్ళినాడు బుక్ చేస్తే బిడ్డ బళ్ళో చేరేనాటికి కారొచ్చిందని మావాళ్ళు నవ్వుకునేవారు. వచ్చిన కారుని వచ్చిననాడే అమ్మితే కొన్నధర కంటే ఎక్కువ పలికేది. పాతబడిన కొద్దీ విలువ తగ్గవలసిన వస్తువుకి, చేతులు మారితే విలువ పెరగడమన్నమాట! ఎలాగూ కొంటారులే అన్న ధీమాతో కంపెనీలు కూడా ఆ కార్లకి ఏళ్ళ తరబడి పెద్ద మార్పులేమీ చెయ్యలేదు.

మాది విశాఖపట్నం. నాకు ఆరేళ్ళప్పుడు, 1984లో, నాన్నగారు ఒక పాతకారు కొన్నారు. దాని పేరు చెప్పను. నేను చెప్పబోయే మాటలకి చేసినవాళ్ళ మనసు నొచ్చుకోవడం ఎందుకు? గచ్చకాయ రంగు, స్టీరింగు పక్కనే గేరు, ముందు వెనకా సోఫాల్లాంటి సీట్లు. ఐదుగురు పట్టేదాంట్లో తొమ్మండుగురం ఎక్కేవాళ్ళం. ఎక్కడం దర్జాగా ఎక్కడమే. దిగడం మాత్రం ఊరు రాకముందే, తొయ్యడానికి!

చలికాలం పొద్దున్నే చోక్ లాగి, కాసేపు బతిమాలి, కాసేపు తిట్టి, ఆనక "తొయ్యండర్రా" అనేవారు నాన్నగారు. ఆదివారమంతా ఆయన తల బానెట్ లోపలే. ప్లగ్గులు ఊడదీసి, గరుకు కాగితంతో రుద్దమని మాకిచ్చేవారు. అమ్మ మెత్తటి పాతచీరలు పాత్రలవాడికి వెళ్ళడం మానేసి కారు గుడ్డలైపోయాయి. ఒకసారి అరకు బయల్దేరితే అనంతగిరి ఘాటులో సగం ఎక్కేసరికి రేడియేటరు మరిగి, గుప్పున ఆవిరి. అమ్మకి ముందే తెలుసు. అందుకే తాగే నీళ్ళు వేరే, కారు తాగే నీళ్ళు వేరే తెచ్చింది. కారు చల్లారేదాకా రోడ్డు వారన దుప్పటి పరుచుకుని పులిహోర తిన్నాం. అరకు లోయ నాకు సరిగ్గా గుర్తులేదు గానీ ఆ పులిహోర మాత్రం గుర్తుంది.

ఇంత చాకిరీ చేయించుకున్నా అది మాకు దేవుడే. ఆయుధపూజనాడు అమ్మ దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలుంచి హారతిచ్చేది. బొట్టు పెట్టే పని ఆవిడది. తాళం తిప్పే పని మాత్రం ఆయనది. ఇందులో ఏదో తేడా ఉందని మాకెవరికీ తోచలేదు. నిజం చెప్పొద్దూ, అమ్మక్కూడా తోచలేదు. పవర్ స్టీరింగన్న మాటే ఎరగని రోజులు. ఆ బండి తిప్పాలంటే రోకలి పోటు వేసినంత పని. "ఆడవాళ్ళ వల్ల కాదు" అనేవాళ్ళు. ఇంట్లో రోకలి పట్టుకున్నది ఎవరో ఎవరూ అడగలేదు.

1990లో నాన్నగారికి ప్రమోషనొచ్చింది, దానితోపాటు కంపెనీవారి తెల్లకారూ, డ్రైవరూ వచ్చారు. మా ముసలికారుని అమ్మేశారు. వీధివాళ్ళు మాతో మాట్లాడే తీరే మారిపోయింది. పేరంటాలకి అమ్మని ముందు పిలవడం మొదలైంది. అమ్మ మాత్రం, "ఆ కారు మీ నాన్నగారిది కాదు, ఆయన కూర్చునే కుర్చీది" అనేది. ఒకనాడు అమ్మా నేనూ పూర్ణామార్కెట్టునుంచి కూరల సంచులతో రిక్షాలో వస్తుంటే, నాన్నగారిని తీసుకుని మా కారు మా రిక్షాని దాటుకుపోయింది. ఆపి ఎక్కించుకోవడానికి రూలు లేదు. ఆయన అద్దంలోంచి చూశారు, అమ్మ చెయ్యూపింది. రిక్షా అతను, "ఆరు మీవోరు కాదా అమ్మా?" అన్నాడు.

1993 వానాకాలంలో ఒకనాటి అర్ధరాత్రి నాన్నగారికి గుండెల్లో నొప్పి మొదలైంది. చెమటలు కారిపోతున్నాయి. డ్రైవరు ఊరి ఆ చివర ఉంటాడు, వాళ్ళింట్లో ఫోను లేదు. పక్కింటివాళ్ళు ఊళ్ళో లేరు. వర్షంలో ఆటోలు లేవు. పోర్టికోలో కారుంది, మేకుకి తాళంచెవి వేలాడుతోంది. నాకు పదిహేనేళ్ళు, తమ్ముడికి పన్నెండు, అమ్మకి నలభై. ముగ్గురం ఆ తాళంచెవిని చూస్తూ నించున్నాం. నాన్నగారే లేచి, "ఇలా ఇవ్వు" అన్నారు.

రెండుమైళ్ళ దూరం ఆయనే నడిపారు. అమ్మ పక్కన కూర్చుని ఒక చెయ్యి ఆయన వీపు మీద వేసి ఉంచింది. గేరు మార్చినప్పుడల్లా ఆయన చెయ్యి వణకడం వెనకనుంచి నాకు కనపడుతూనే ఉంది. ఆస్పత్రిలో డాక్టరు, "పేషెంటుని ఎవరు తీసుకొచ్చారు?" అనడిగాడు. అమ్మ, "ఆయనే వచ్చారండీ" అంది. ఆ డాక్టరు ఏమీ అనలేదు. అన్నా బాగుండేది.

నాన్నగారు గట్టెక్కారు. మూడో వారంలో ఇంటికో కాగితం వచ్చింది, అర్ధరాత్రి డ్రైవరు లేకుండా, సొంతపనికి కంపెనీ వాహనం ఎందుకు వాడవలసి వచ్చిందో రాసివ్వమని! నాన్నగారు నవ్వి సంతకం పెట్టిచ్చారు. ఆయన సెలవులో ఉండగా కారు ఇంకో కుర్చీకి వెళ్ళిపోయింది. అమ్మ ఆ కాగితం చూసి నవ్వలేదు. బీరువాలోంచి తన రెండుపేటల గొలుసు తీసింది. "ఈసారి కారు నాకు" అంది. మా ఇంట్లో అమ్మ 'నాకు' అనడం నేను మొదటిసారి విన్నది అప్పుడే.

అప్పటికి అమ్మలాంటివాళ్ళ కోసమే అన్నట్టు ఒక చిన్నకారు వచ్చి పదేళ్ళయింది. 1981లో ప్రభుత్వం మారుతి ఉద్యోగ్ స్థాపించింది, మరుసటేడు జపాన్ సుజుకీవారితో ఒప్పందం జరిగింది. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీగారు మొదటి మారుతి 800 తాళంచెవి ఒక విమానసంస్థ ఉద్యోగి చేతిలో పెట్టారు. ధర యాభైవేలకి అటూఇటూ. పదివేలు ధరావతు కట్టి లక్షమందికి పైగా ముందే పేర్లు రాయించుకున్నారట. నాన్నగారి దగ్గర అప్పుడా పదివేలు లేవు, అందుకే పాతకారు కొనడం. అంబాసిడర్ బరువులో ఈ చిన్నకారు ఇంచుమించు సగం. మూడు సిలిండర్ల ఇంజను, కిందనే గేరు, వేలితో తిప్పినా తిరిగే తాళం. తోసేవాళ్ళు అక్కర్లేదు, బానెట్ కింద ఆదివారాలు గడిపే మొగుడూ అక్కర్లేదు. ఆ తరవాతే మా వీధిలో ఒక్కొక్కరే ఆడవాళ్ళు స్టీరింగు ముందుకి వచ్చారు. మన చేతులు బలహీనమని ఇన్నాళ్ళూ అన్నారు గానీ, బండి బరువు సంగతి ఎవరూ అనలేదు!

అమ్మ కొన్నది సెకండుహ్యాండుదే, ఎర్రది. తెల్లవారుజామున బీచిరోడ్డు మీద నేర్చుకుంది. చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, చెప్పులు విప్పి పక్కన పెట్టి, క్లచ్చు మీద కాలుంచి "నారాయణా" అనేది. విశాఖపట్నంలో ఎత్తుపల్లాలకి కరువు లేదు. మా వీధి చివర ఎత్తులో కారు వెనక్కి జారినప్పుడల్లా పాలవాడు సైకిలుతో సహా గోడెక్కేవాడు. పక్కసీట్లో నాన్నగారు, నోటితో ఏమీ అనకపోయినా, కుడికాలితో లేని బ్రేకుని తెగ తొక్కేవారు. ఏడాది తిరక్కుండా అమ్మ మమ్మల్ని అన్నవరం తీసుకెళ్ళి వ్రతం చేయించి తీసుకొచ్చింది. దారిలో ఒక్కసారీ ఎవరం తొయ్యలేదు. తమ్ముడికి కొంచెం వెలితిగా కూడా ఉండింది!

పద్మిని తయారీ 2000 ప్రాంతంలో ఆగిపోయింది. ముంబయిలో ఆఖరి పద్మిని టాక్సీ 2023 అక్టోబరులో సెలవు తీసుకుంది. మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగితే, అంబాసిడర్ ఆ మేలోనే ఆగింది. పెద్దదీ చిన్నదీ ఒక్క ఏడాదే వెళ్ళిపోయాయి. వాటి గురించి రాసేవాళ్ళంతా ఎన్ని తయారయ్యాయి, ఎంత ధర అని లెక్కలు చెప్తారు. నాకు మాత్రం, ప్రతి ఇంట్లో తాళంచెవి ఎవరి దగ్గరుండేదో కూడా లెక్కలోకి రావాలనిపిస్తుంది. 'ఫ్యామిలీ కారు' అని అందరం అంటాం. ఆ ఫ్యామిలీలో ఒక్కరికే నడపడం వస్తే, మిగిలిన అందరం ప్రయాణికులమే. అర్ధరాత్రి అవసరమొచ్చేదాకా ఆ సంగతి తెలియదు.

కథంతా విని మా అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తాతయ్య పోయి ఆరేళ్ళయింది. ఆయన అంత దూరం నడిపిన సంగతి దానికి ఇన్నాళ్ళూ తెలియదు. లైసెన్సు చేతికొచ్చిన రోజున, "అమ్మమ్మా, పద, బీచికి తీసుకెళ్తాను" అని వెనక తలుపు తెరిచి పట్టుకుంది. డెబ్భైరెండేళ్ళ మా అమ్మ, "ముందు కూర్చుంటానే, దారి నాకు తెలుసు" అని ముందుసీట్లో సర్దుకుంది.

వెనకసీట్లోంచి చూస్తున్నాను కదా, మొదటి మలుపులోనే మా అమ్మ కుడికాలు లేని బ్రేకుని గట్టిగా తొక్కింది.