బొమ్మల పుస్తకాల్లో అర్థశాస్త్రం

కొరత, ధర, పెట్టుబడి, పొదుపు లాంటి భావాలను చదువు ఇంకా పట్టుబడని పిల్లలకు బొమ్మల కథలతో పరిచయం చేసే పద్ధతి ఇది. పేరు కొత్తదే గాని పని పాతది.

11వ శతాబ్దంలో సోమదేవుడు కూర్చిన కథాసరిత్సాగరంలో ఎలుక వర్తకుడి కథ ఉంది. చిల్లిగవ్వ లేని కుర్రాడు చచ్చిన ఎలుకను అప్పు తెచ్చుకుంటాడు. పిల్లి ఉన్న వర్తకుడికి దాన్నిచ్చి రెండు దోసిళ్ల శనగలు సంపాదిస్తాడు. వాటిని వేయించి, కుండెడు చల్లని నీళ్లతో ఊరి బయట కూర్చుంటాడు. అలసి వచ్చిన కట్టెలవాళ్లు తిని, తాగి, తలా రెండు కట్టెలిస్తారు. వాటిని అమ్మిన డబ్బుతో ఇంకా కట్టెలు కొని నిలవ చేస్తాడు. ఇంతలో వానలు పట్టుకుంటాయి, కట్టెలకు కరువొస్తుంది, ధర ఎగురుతుంది. బంగారు ఎలుకను చేయించి అప్పు తీరుస్తాడు. కొరతకూ ధరకూ ఉన్న చుట్టరికాన్ని ఇంత సులువుగా చెప్పిన పాఠ్యపుస్తకం అరుదు.

నంద్యాల, ఆళ్లగడ్డ పిల్లలకు ఇది పరాయి కథ కాదు. అక్కడి నల్లరేగడిలో పప్పుశనగ పండుతుంది. 1906లో మొదలైన నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానమే ‘నంద్యాల శనగ-1’, ‘ధీర’ రకాలను ఇచ్చింది. రేటు పడిపోయిన ఏడాది బస్తాలను గోదాముకు తోలడం చూసిన పిల్లవాడికి, కట్టెలు నిలవ చేయడం ఎందుకో వేరే చెప్పాలా?

తెలుగు బడిలో మాత్రం డబ్బు చాలాకాలం బట్టీ వ్యవహారమే. పెద్దబాలశిక్షలో అణాలు, వీశెలు, మణుగులు వల్లించేవారు. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చి అణాల లెక్కను పక్కకు నెట్టాయి. 1947 జూలైలో మొదలైన చందమామ బొమ్మలతో వర్తకుల కథలు చెప్పింది, కానీ చదవడం వచ్చిన పిల్లలకు.

అమెరికాలో అర్థశాస్త్ర బోధకుడు లారెన్స్ సెనెష్ 1960లలో ఒకటో తరగతికే అర్థశాస్త్రాన్ని తెచ్చాడు. 1982లో వెరా విలియమ్స్ బొమ్మల కథలో, ఇల్లు కాలిపోయిన కుటుంబం గాజు జాడీలో చిల్లర దాచి అమ్మకు కుర్చీ కొంటుంది. పొదుపు అన్న మాటకు అక్కడ పనే లేదు.

2007 నవంబరు 14న రిజర్వు బ్యాంకు ఆర్థిక విద్య వెబ్‌సైటు తెరిచి, రాజు, మనీ కుమార్ బొమ్మల కథలు పెట్టింది. బొమ్మలున్నా వాటిలో ఉపన్యాసం పాలే ఎక్కువ. ప్రచురణ సంస్థ ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన వెబ్‌సైటు స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతున్నాయి. జాతీయ ఆర్థిక విద్యా కేంద్రం అభ్యాస పుస్తకాలు 6వ తరగతి నుంచే మొదలవుతాయి. అంతకన్నా చిన్నవాళ్లకు బొమ్మల కథే దిక్కు.