సాంబా: కార్యాలయపు సర్వరు కథ

పదిమంది గుమాస్తాలు పది కంప్యూటర్లలో పది ధరల జాబితాలు పెట్టుకొన్నచో, ఏది సరియైనదో యజమానికే తెలియదు. ఈ చిక్కు తీర్చుటకు వచ్చినదే సర్వరు. అది ఫైళ్ళన్నిటిని ఒకచోట భద్రపరచి, అడిగినవారికి వారి అర్హతను బట్టి అందించును. వెనుకటి కచేరీలలోని రికార్డుల గదివంటిది.

అడుగుటకు, ఇచ్చుటకు యంత్రముల నడుమ ఉమ్మడి భాష కావలెను. 1980 దశకపు ఆరంభములో ఐ.బి.ఎం. కంపెనీలోని బారీ ఫైగన్‌బామ్ అట్టి భాష నొకదానిని రూపొందించెను. దాని పేరు ఎస్.ఎం.బి. మైక్రోసాఫ్టు వారు దానిని స్వీకరించి పెంచిరి. కాని వారు చేర్చిన మార్పుల వ్యాకరణము బయటివారికి పూర్తిగా దొరకలేదు. కావున వేరొకరి సర్వరును కొనదలచిన చిన్న కంపెనీకి దారి మూసికొనిపోయెను.

ఈ తలుపును తట్టినవాడు ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో పరిశోధక విద్యార్థిగా నున్న ఆండ్రూ ట్రిడ్జెల్. తన పి.సి. నుండి యూనిక్స్ యంత్రములోని ఫైళ్ళను చూడవలెనని మాత్రమే ఆతని కోరిక. తీగ వెంట పోవు సంకేతములను పట్టి, వాని అర్థమును విప్పెను. తాను విప్పుచున్నది ఎస్.ఎం.బి. భాష యని అప్పుడాతనికి తెలియనే తెలియదు! 1992 ఆరంభములో తన ప్రోగ్రామును అందరికి ఉచితముగా విడుదల చేసెను. మొదట పెట్టిన పేరు వేరొక కంపెనీది కాగా, ఎస్, ఎం, బి అక్షరములు వరుసగా వచ్చు మాటను నిఘంటువులో కంప్యూటరుచేత వెదకించి ‘సాంబా’ అని మార్చెను.

ప్రయోగశాలలో తెలియని లవణమునకు ఒక్కొక్క ద్రావణము చేర్చి అవక్షేపమును పరిశీలించునట్లు, సాంబా కర్తలు ఒక్కొక్క సందేశము పంపి జవాబును వ్రాసికొనుచు పోయిరి. ఈ శ్రమ ఏండ్లతరబడి సాగెను. 2004లో యూరపియన్ కమిషన్, ఆ వివరములను ఇతరులకు తెలుపవలెనని మైక్రోసాఫ్టును ఆదేశించెను. 2007 సెప్టెంబరులో న్యాయస్థానము దానిని సమర్థించెను. ఆ డిసెంబరులోనే 10,000 యూరోల రుసుముతో పత్రములు సాంబా వారికి లభించెను.

సర్వరును నెలకొల్పుట ఒక పూట పని, నడపుటయే కష్టము. జీతముల ఫైలు ఎవరు చూడవచ్చును? ఉద్యోగము మానినవాని పాస్‌వర్డును ఎవరు తొలగింతురు? రెండు డిస్కులలో ఒకేసారి వ్రాసిన చాలునని కొందరి భ్రమ. డిస్కు చెడినప్పుడు అది నిజమే. పొరపాటున ఫైలు చెరిపినచో రెండింటను చెరిగిపోవును. వేరొకచోట నకలు ఉండితీరవలెను. మారిన భాగములనే పంపి నకలు తీయు ‘ఆర్‌సింక్’ను 1996లో వెలువరించినవారు ట్రిడ్జెల్, పాల్ మకెరాస్‌లే.

2017 మే నెలలో ‘వన్నాక్రై’ అను దుష్ట ప్రోగ్రాము, విండోస్‌లోని ఎస్.ఎం.బి. మొదటి రూపపు లోపముద్వారా దేశదేశములకు ప్రాకి, ఫైళ్ళకు తాళము వేసి డబ్బు అడిగెను. బ్రిటన్‌లో కొన్ని ఆసుపత్రులు రోగులను వేరొకచోటికి పంపవలసివచ్చెను. ఆ లోపమును పూడ్చు సవరణను మైక్రోసాఫ్టు అదే సంవత్సరము మార్చిలోనే విడుదల చేసియుండెను.