జాలీకి అటూ ఇటూ: ములాఖత్ నిబంధనలు, ఖైదీల పునరావాసం

జైలు పరిపాలనలో ములాఖత్‌ది ఒక దారి, పునరావాసానిది మరో దారి. ఇంటివాళ్లు ఖైదీని చూడడానికి రావడం గేటు దగ్గర తేలే వ్యవహారం. గుర్తింపు కార్డు, సోదా, టోకెన్, సమయం అన్నీ భద్రత కింద లెక్క. చదువు, చేతిపని, కౌన్సెలింగు వంటివి లోపలి వ్యవహారం. వార్షిక నివేదికల్లో ఫొటోలతో కనిపించేవి ఇవే. రెండింటినీ ఒకే గాటన కట్టి ఆలోచించిన దాఖలాలు మన జైళ్ల శాఖల రాతల్లో తక్కువ. శిక్ష ముగించుకుని బయటికొచ్చిన మనిషి మాత్రం నేరుగా చేరేది ఇంటికే, ఆ ఇల్లు అతణ్ణి రానిస్తేనే. కాబట్టి జైలు నడిపే పునరావాస కార్యక్రమాల్లో ములాఖత్‌ను మొదటిదిగా లెక్కించాలన్నది, దాన్ని క్రమశిక్షణకు తాయిలంగా వాడుకోవడం ఆ కార్యక్రమాలను లోపలినుంచి గుల్ల చేస్తుందన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

ఈ ఎడబాటుకు మూలం 1894 నాటి జైళ్ల చట్టంలో ఉంది. అందులోని 40వ సెక్షన్ సివిల్ ఖైదీలను, ఇంకా శిక్ష పడని ఖైదీలను కలవడానికి తగిన ఏర్పాటు చేయమంది. శిక్ష పడినవాళ్ల ఊసు ఆ సెక్షన్‌లో లేదు. వాళ్ల సంగతి నిబంధనలకు వదిలేసింది. పక్కనే ఉన్న 41వ సెక్షన్ వచ్చినవాళ్లను సోదా చేసే అధికారం గురించినది. నేరం రుజువైతే మనిషికి బంధువులుండరని చట్టం అనలేదు గానీ, ఉన్నా వాళ్లను చూసుకోవడం హక్కుగా గుర్తించలేదు. ఆ తర్వాత వచ్చిన జైలు నిబంధనలు ములాఖత్‌ను 'సౌకర్యం'గా పిలిచి, మంచి నడవడిక ఉంటేనే దక్కుతుందనీ, లేకపోతే సూపరింటెండెంటు వాయిదా వేయవచ్చు, తీసేయవచ్చుననీ రాసుకున్నాయి. న్యాయస్థానాలు ఈ భాషను మార్చడానికి ప్రయత్నించాయి. జైలు గోడల లోపల ప్రాథమిక హక్కులు అంతరించవని సుప్రీంకోర్టు 1974లో తేల్చింది విశాఖపట్నం కేంద్ర కారాగారం నుంచి వెళ్లిన భువన్ మోహన్ పట్నాయక్ కేసులోనే. 1977లో మహమ్మద్ గియాసుద్దీన్ కేసు కూడా ఆంధ్రప్రదేశ్‌దే. శిక్షకు పరమార్థం మనిషిని బాగుచేయడమేనని జస్టిస్ కృష్ణయ్యర్ ధర్మాసనం అందులో విడమరిచి చెప్పింది. 1979 డిసెంబరులో సునీల్ బాత్రా రెండో తీర్పు కుటుంబ సందర్శనలను ఖైదీకి దక్కాల్సిన మానవీయ అవసరంగా చూసింది. 1981లో ఫ్రాన్సిస్ కొరాలీ ముల్లిన్ తీర్పు నెలకు ఒక్కసారే ఇంటివాళ్లను చూడనిచ్చే నిబంధనను కొట్టేసి, కుటుంబాన్ని కలవడం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమంది. ఇది నిర్బంధ చట్టం కింద విచారణ లేకుండా ఉంచినవారి గురించిన తీర్పు. అయినా దాని తర్కం అక్కడితో ఆగేది కాదు. 2015 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాల్లో 43వది మరింత సూటిగా ఉంది: కుటుంబంతో సంబంధాన్ని నిషేధించడం క్రమశిక్షణ చర్య కాకూడదు. మన నిబంధనల పుస్తకాలు ఆ వాక్యం దాకా ఇంకా రాలేదు.

హక్కు కాగితం మీద ఉన్నా అది చేరాల్సింది బస్సెక్కి వచ్చే మనిషికి. ఆంధ్రప్రదేశ్‌లో కేంద్ర కారాగారాలు రాజమహేంద్రవరం, విశాఖపట్నం, నెల్లూరు, కడపల్లో ఉన్నాయి. శిక్ష పడిన మహిళల కోసం ప్రత్యేక జైళ్లు రాజమహేంద్రవరంలోనూ కడపలోనూ, తెలంగాణలో చంచల్‌గూడలోనూ ఉన్నాయి. ఆదిలాబాద్ జిల్లా మహిళకు హైదరాబాద్‌లో శిక్ష అమలైతే ఆమె తల్లి ఒక్క ములాఖత్ కోసం రానూపోనూ 600 కిలోమీటర్లు తిరగాలి. కూలి పోతుంది, చార్జీలవుతాయి, రాత్రి ఎక్కడో గడపాలి. 2021లో ఆసుపత్రి కోసం వరంగల్ కేంద్ర కారాగారాన్ని కూల్చినప్పుడు ఖైదీలను చర్లపల్లికీ ఇతర జైళ్లకూ పంచారు. ఆసుపత్రి కావాలా వద్దా అన్నది వేరే చర్చ. ఆ నిర్ణయంలో ఖైదీల ఇళ్లకు పెరిగిన దూరం ఎవరి లెక్కలోకీ రాలేదన్నది ఇక్కడి విషయం. ఇంతా చేసి చేరుకున్నాక దొరికేది, నమూనా జైలు మాన్యువల్ ప్రకారం, మామూలుగా అరగంటకు మించని సమయం. పాత తరహా ములాఖత్ గదిలో ఖైదీలు ఒక వరసలో, బంధువులు ఎదుటి వరసలో, నడుమ ఇనుప జాలీ. అందరూ ఒకేసారి మాట్లాడతారు కనుక అందరూ అరుస్తారు. భూమి తగాదా, కూతురి సంబంధం, వకీలు ఫీజు, అమ్మ మందులు, ఏదైనా పక్కవాడి కేకల మీదుగానే చెప్పాలి. ఇంటర్‌కామ్ పెట్టిన చోట గొంతు వినిపిస్తుంది. చెయ్యి మాత్రం అందదు. చంటిబిడ్డ తండ్రిని జాలీలోంచే గుర్తుపట్టాలి.

లోపలి కార్యక్రమాలను తక్కువ చేసి చూడనక్కర్లేదు. తెలంగాణ జైళ్లలో వేలిముద్రతో వచ్చినవాణ్ణి సంతకంతో పంపాలనే 'విద్యాదానం' జరిగింది. 'మై నేషన్' పేరుతో ఖైదీల ఉత్పత్తులు బజారుకొచ్చాయి. శాఖ నడిపే పెట్రోలు బంకుల్లో ఖైదీలకూ విడుదలైనవాళ్లకూ పని దొరికింది. బయట పనివ్వని సమాజంలో ఇది చిన్న సాయం కాదు. ఇబ్బందల్లా కొలమానంలోనే. అమ్మకాలు ఎంత, ఎందరు చదువు నేర్చారు అనేవి లెక్కకు సులువు. ఫినాయిలు తయారీ నేర్చినవాడు విడుదలైన మొదటి నెల ఎవరింట్లో తిన్నాడు, ఎవరి పూచీ మీద పనిలో చేరాడు అన్నది ఏ పట్టికలోనూ ఉండదు. చేతిపని తెలిసినా పూచీ ఉండే మనిషి లేకపోతే ఆ విద్య గేటు దగ్గరే ఆగిపోతుంది. ఆ పూచీని నిలబెట్టేది ఏళ్ల తరబడి తెగకుండా సాగిన రాకపోకలే.

దీనికి ఆధారాలున్నాయా? కాలిఫోర్నియాలో హోల్ట్, మిల్లర్ 1972లో వెలువరించిన అధ్యయనంలో 412 మంది విడుదలైనవాళ్లను పరిశీలించారు. ముగ్గురు, అంతకుమించి సందర్శకులున్నవాళ్లలో ఏడాదిలోపు మళ్లీ జైలుకొచ్చినవారు 2 శాతం. ఎవరూ రానివాళ్లలో 12 శాతం. మిన్నెసోటా రాష్ట్ర జైళ్ల శాఖ 2003–2007 మధ్య విడుదలైన 16,420 మందిని పరిశీలించి 2011లో నివేదిక ఇచ్చింది. సందర్శకులు వచ్చినవాళ్లకు మళ్లీ తీవ్ర నేరానికి శిక్ష పడే అవకాశం 13 శాతం తక్కువని అందులో తేలింది. దీనికొక గట్టి ఆక్షేపణ ఉంది: మంచి కుటుంబం ఉన్నవాడికే బంధువులొస్తారు, వాడు ఎలాగూ బాగుపడేవాడే, ఘనత కుటుంబానిది, ములాఖత్‌ది కాదు. మిన్నెసోటా పరిశోధకులు వయసు, నేరం, పాత శిక్షలు వంటి తేడాలను లెక్కలో సర్దుబాటు చేశారు. అయినా సందేహం పూర్తిగా తొలగదని ఒప్పుకోవాలి. పైగా విడిపోయిన భార్య లేదా భర్త వచ్చిన సందర్భాల్లో ముప్పు పెరిగిందనీ అదే నివేదిక చెప్పింది. ప్రతి రాకా మందే అనుకోవడం అమాయకత్వం. కానీ ఆక్షేపణను చివరిదాకా తీసుకెళితే అది మన వైపే వస్తుంది. అసలు బలం కుటుంబానిదే అయితే, ఆ బలాన్ని దూరమూ చార్జీలూ అరగంటా కలిసి సన్నబరచకుండా చూడడం శాఖ పనే అవుతుంది. అమెరికా లెక్కలు మనకెందుకు అనేవాళ్లూ ఉంటారు. పెళ్లి, అప్పు, పంట, పనిలో పూచీ అన్నీ బంధుత్వం మీద నడిచే మన ఊళ్లలో ఆ ప్రభావం ఇంకా ఎక్కువ ఉంటుందనుకోవడమే సబబు.

భద్రత అభ్యంతరం నిజమైనదే. గంజాయి, సెల్‌ఫోన్లు ములాఖత్ మాటున లోపలికి వెళ్లగలవు. అయితే అవి కోర్టు వాయిదాలకు తిరిగే దారిలో, గోడ మీదుగా, ఒక్కోసారి సిబ్బంది చేతుల మీదుగా కూడా వెళతాయి. కేంద్రం 2023లో రూపొందించిన నమూనా చట్టం నిషిద్ధ వస్తువుల విషయంలో ఖైదీలతోపాటు సిబ్బందినీ శిక్షిస్తామనడం ఊరికే కాదు. సోదా పకడ్బందీగా చేయడం ఒకటి, తప్పుతో సంబంధం లేని తల్లిని నెల రోజులు రావద్దనడం మరొకటి. కోవిడ్ కాలంలో విస్తరించిన ఈ-ములాఖత్‌తో దూరం తీరిపోయిందన్న వాదనా వినిపిస్తుంది. రాలేనివాళ్లకు అది వరమే. ముసలి తండ్రికి, విదేశంలో ఉన్న కొడుక్కి ఇంకో దారి లేదు. కానీ స్మార్ట్‌ఫోనూ సిగ్నలూ ఉన్న ఇంటికే అది పనికొస్తుంది. వీడియో ఉందని మనుషుల రాకను తగ్గిస్తే చేసిన మేలు చెరిగిపోతుంది.

బాధితుల మాటేమిటి అన్న ప్రశ్నను దాటవేయకూడదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి హంతకుడి ములాఖత్ గోడు పట్టదు, పట్టాలనడమూ అన్యాయమే. కానీ కోర్టు వేసిన శిక్ష స్వేచ్ఛ కోల్పోవడం. కుటుంబం కోల్పోవడం ఆ తీర్పులో లేదు. అదీగాక 2022 చివరికి దేశంలోని 5,73,220 మంది ఖైదీల్లో 4,34,302 మంది విచారణ ఖైదీలే. ములాఖత్ గదిలో జాలీ వెనక నిలబడేవాళ్లలో ఎక్కువమంది మీద నేరం ఇంకా రుజువు కాలేదు.

జాతీయ నేర గణాంక సంస్థ జైళ్ల నివేదికలో వైద్యాధికారులు, న్యాయాధికారులు జైలుకు ఎన్నిసార్లు వచ్చారో పట్టిక ఉంటుంది. ఖైదీల ఇంటివాళ్లు ఎన్నిసార్లు వచ్చారన్న పట్టిక లేదు. ఆ లెక్క కోసం కొత్త సర్వే అక్కర్లేదు. గేటు రిజిస్టరులోనూ కంప్యూటరులోనూ ప్రతి ములాఖత్ తేదీతో సహా నమోదవుతూనే ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల జైళ్ల శాఖలు తమ వార్షిక నివేదికల్లో పెట్రోలు బంకుల ఆదాయం పక్కన ఒక్క అంకె చేర్చాలి: ఏడాది పొడుగునా ఒక్క ములాఖత్ కూడా లేని ఖైదీలు ఎందరు?